తుండుగుడ్డ కింద బేరం

మందబాట: పన్నెండో భాగం

పోయిన వారం సుజనను ఆత్మకూరులో, బస్టాండు వెనక మూడంతస్తుల ఆసుపత్రిలో, ఆడవాళ్ళ వార్డు గుమ్మం దగ్గర నిలబెట్టి వచ్చాం. పాపం, వారమంతా అక్కడే నిలబడి ఉందేమోనని కంగారు పడకండి, కథలో గడిచింది ఒక్క రాత్రే. పత్రిక ఈ వారమే చేతికి తీసుకున్నవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. సీతారామపురం పక్క పల్లెలో గొర్రెలు కాసుకునే జనార్దనయ్య భార్య ఆదిశేషమ్మ, పొట్టేలు కుమ్మితే కిందపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కాబట్టి ఆపరేషన్ ఉచితం అని చేర్చుకున్న ఆసుపత్రివాళ్ళు, తీరా ఇంటికి పంపే వేళకు లక్షా చిల్లర కట్టమన్నారు. లోపల వేసిన రాడ్డు మామూలుది కాదట, పై దేశం సరుకట. మత్తిచ్చిన డాక్టరు ఈ ఆసుపత్రి మనిషి కాదట, నెల్లూరునుంచి పిలిపించారట, ఆయన లెక్క వేరట. కట్టాలంటే జనార్దనయ్యకు ఉన్న దారి ఒక్కటే, మందను అమ్ముకోవడం.

కూతురు సుజన ఉదయగిరిలో కొయ్య చెంచాలు చేసే చోట పనిచేస్తుంది. చేతులు ఎంత గట్టివో నోరూ అంతే గట్టిది. ఊరుకోకుండా పథకంవాళ్ళ నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు పెట్టింది. "రేపు మా అధికారి మేడమ్ వస్తారు, మీ నాన్నగారితో జరిగింది జరిగినట్టు చెప్పించండి, చాలు" అన్నారు అవతలివాళ్ళు. ఆ రేపు ఇవాళే.

తెల్లారినప్పటినుంచి సుజన కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. వార్డులోంచి వరండాలోకి, వరండాలోంచి మెట్ల దాకా, అక్కణ్ణించి మళ్ళీ తల్లి మంచం దగ్గరికి. కిటికీలోంచి చూస్తే బస్టాండు కనిపిస్తుంది. నెల్లూరు బస్సు వచ్చి ఆగిన ప్రతిసారీ, దిగే ఆడమనుషులందర్నీ ఎగాదిగా చూస్తోంది. సంచులు, పిల్లలు, పూలబుట్టలు దిగుతున్నాయి గానీ అధికారి మాత్రం దిగడం లేదు. అసలు బస్సులో వస్తుందో కారులో వస్తుందో, వస్తుందో రాదో కూడా తెలియదు.

"ఒక తావున కూచోవే, నిన్ను చూస్తా ఉంటే నాకు కళ్ళు తిరగతా ఉండాయి," అంది ఆదిశేషమ్మ మంచం మీదనుంచి. "ఎముక ఇరిగింది నాకా నీకా? నాకంటే నువ్వే ఎక్కువ అల్లాడతా ఉండావు."

"నువ్వు గమ్మునుండమ్మా. ఆమె వచ్చేలోపల నాయన చేత ఆ మాట ఇంకోసారి చెప్పించాల."

జనార్దనయ్య మంచం కాళ్ళ దగ్గర, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఖాళీ స్టూలు ఉన్నా దాని మీద కూర్చోడు. మోకాళ్ళ మీద చేతులు, భుజం మీద తుండుగుడ్డ. మొన్న, మందను ఒకసారి చూసుకుని వస్తానని అనంతసాగరం వెళ్ళాడు. కోతలైపోయిన మళ్ళలో మంద వేసుకుని కొడుకు పెంచలప్రసాద్ అక్కడే ఉంటున్నాడు. నిన్న సాయంత్రం తిరిగొచ్చింది మొదలు పెద్దాయన సరిగా మాట్లాడడం లేదు. గొర్రెలెట్టా ఉండాయి అని ఆదిశేషమ్మ అడిగితే, బాగుండాయిలే అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సుజన అతని ముందు గొంతుక్కూర్చుంది.

"నాయనా, నువ్వు చెప్పాల్సింది ఒక్కటే మాట. ఎక్కువ డబ్బులు అవుతాయని మమ్మల్ని ముందు అడగలేదు, అడిగుంటే ఒప్పుకునేవాళ్ళం కాదు. అంతే. చెప్తావు గదా?"

"చూద్దాంలేమ్మా."

"చూద్దాం ఏంది? నిజమేగా అది?"

జనార్దనయ్య తుండుగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి అక్కడ చెమటేమీ లేదు. సుజనకు ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. కానీ ఆ ముల్లేమిటో చూసుకునే తీరిక ఆమెకు చిక్కలేదు, అప్పుడే మేనేజరు కోటేశ్వర్ వార్డులోకి వచ్చాడు.

కోటేశ్వర్‌కి నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, దాని జేబులో రెండు పెన్నులు, మాటలో ఎప్పుడూ బెల్లం. ఫిర్యాదు వెళ్ళిందని అతనికి నిన్నే తెలిసింది. తెలిసినా మొహంలో ఎక్కడా ఆ ఛాయ లేదు. వెనకే వచ్చిన ఆయాచేత మూడు గ్లాసుల టీ పెట్టించాడు. పెద్దాయన గ్లాసును మాత్రం తనే స్వయంగా అందించాడు.

"తాగండి పెద్దాయనా. చక్కెర తగ్గించి పెట్టించినాను, మీకట్టానే గదా ఇష్టం."

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదు. జనార్దనయ్య ఆ గ్లాసును రెండు చేతులా అందుకున్నాడు. సుజన తన గ్లాసు ముట్టుకోలేదు. మంచంలో ఉన్న ఆదిశేషమ్మకు అలాంటి పట్టింపులేమీ లేవు, లక్ష రూపాయల టీ గదా అని చివరి చుక్కదాకా తాగింది.

అధికారి చివరికి కారులోనే వచ్చింది. పేరు రేణుకాదేవి. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు, వేగంగా నడిచే కాళ్ళు. వస్తూనే గోడ గడియారం వైపు చూసింది. ఇంకో రెండు ఊళ్ళు పోవాలి అని, కూర్చోకుండానే పని మొదలుపెట్టింది. ఆదిశేషమ్మను పలకరించింది, నొప్పి ఎలా ఉందని అడిగింది. తర్వాత జనార్దనయ్యవైపు తిరిగి, నేల మీద కూర్చున్న మనిషితో నిలబడి మాట్లాడడం ఇష్టంలేక ఆ స్టూలును లాక్కుని కూర్చుంది.

"చూడండి పెద్దాయనా, భయపడాల్సిన పనేం లేదు. కార్డు మీద చేసిన ఆపరేషన్‌కి రోగి దగ్గర డబ్బు అడగకూడదు. వీళ్ళేమో మీరే కావాలని మంచి రాడ్డు వేయించుకున్నారు, దాని తేడా, బయటి డాక్టరు లెక్క మాత్రమే అడుగుతున్నాం అంటున్నారు. మీరు కావాలన్నారా? ముందుగా ఒప్పుకున్నారా?"

సుజన తండ్రి పెదవులవైపే చూస్తోంది. ఆ ఒక్క మాట వస్తే చాలు, మంద నిలుస్తుంది. తాత నాటినుంచి వచ్చిన జోడిపి జాతి గొర్రెలవి. కరువు ఏళ్ళలో కూడా వాటిని అమ్ముకోలేదు. అవి పోతే ఈ వయసులో నాయన ఎవరి దగ్గర కూలికి కాస్తాడు, తమ్ముడు ఏ ఊరికి వలస పోతాడు?

"ఒప్పుకున్నానమ్మా," అన్నాడు జనార్దనయ్య.

"నాయనా!" అంది సుజన.

"ఒప్పుకున్నా," అన్నాడు మళ్ళీ, ఈసారి కూతురివైపు చూస్తూ. "ఇయ్యాళ్టిదాకా నీకు చెప్పలేదు. చెప్పకూడనిది గాబట్టి చెప్పలేదు. ఈ అబ్బాయికి నేను చెయ్యిచ్చినా. తుండుగుడ్డ కింద చెయ్యిచ్చినా."

రేణుకాదేవికి ఏమీ అర్థం కాలేదు. కోటేశ్వర్ తలొంచుకుని ఫోను చూసుకుంటున్నాడు. అర్థమైంది సుజనకూ ఆదిశేషమ్మకూ. తల్లి "అయ్యో దేవుడా" అని కళ్ళు మూసుకుంది. సుజన మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది.

అధికారికి సుజన చెప్పినట్టే మీకూ చెప్పాలి, మనలో సంతలకు పోయినవాళ్ళు ఎంతమందుంటారు గనక. గొర్రెల సంతలో ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా నిలబడి, చేతుల మీద తుండుగుడ్డ కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు నొక్కుతారు. ఏ వేలు ఎన్నిసార్లు నొక్కితే ఎంత అనేది వాళ్ళకే తెలుసు. చుట్టూ నిలబడ్డవాళ్ళకు వాళ్ళ మొహాలు తప్ప ఏమీ కనిపించవు. కుదిరితే చివర ఒక గట్టి పట్టు. ఆ పట్టు పడ్డాక రాత లేదు, సాక్షి లేదు, బేరం తిరగదు. ఆ గుడ్డ కింద మాట గుడ్డ కిందే ఉండాలి, పెళ్ళానికైనా చెప్పకూడదు. చెయ్యిచ్చి వెనక్కి తీసుకున్నవాడి మంద నిలవదంటారు. నిలిచినా వాడి గొర్రెలను ఎరువు కోసం తన పొలంలో పడుకోబెట్టుకునే రైతు ఉండడు. కాపరి బతుకంతా ఇలాంటి మాటల మీదే నడుస్తుంది కాబట్టి, మాట పోయిన కాపరికి గడ్డి దొరికే చోటు కూడా ఉండదు.

"ఆసుపత్రిలో తుండుగుడ్డ బేరమా?" అంది రేణుకాదేవి నమ్మలేనట్టు.

"ఈ అబ్బాయి వాళ్ళ నాయన జలదంకి పక్క సంతల్లో గొర్రెల బేరాలు కుదిర్చేవాడమ్మా," అన్నాడు జనార్దనయ్య. "పేరున్న మనిషి. ఆయన చేతిలో నేను చానా మార్లు చెయ్యి పెట్టినా, ఒక్కసారి కూడా మోసం జరగలా. ఆ రోజు దీన్ని లోపలికి తీసకపోయి తలుపేసినారు. నేను బయట బల్ల మీద కూచోనుండా. ఈ అబ్బాయి వచ్చి నా పక్కన కూచున్నాడు. నేను ఫలానా ఆయన కొడుకుని అన్నాడు. మామూలు రాడ్డు వేస్తే రెండేండ్లకే మళ్ళా కోయాల్సి వస్తాది, మంచిది ఉండాది, వేయించేదా అన్నాడు. నా భుజం మీద గుడ్డ తానే తీసి, చెయ్యి చాపినాడు. ఇచ్చినా."

సుజనకు కోపంతో చెవులు వేడెక్కాయి. ఎవరి మీద కోపమో తేలడం లేదు. తండ్రి మీద పడదామంటే ఆ మొహం చూస్తే నోరు రావడం లేదు. కోటేశ్వర్ మీద పడితే అతను తప్పేం చేశానంటాడు. ఇన్నాళ్ళూ ఆసుపత్రివాళ్ళు ఏ కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారోనని హడలిపోయింది గానీ, వీళ్ళకు కాగితమే అక్కర్లేదని ఆమె కల్లో కూడా అనుకోలేదు. జనార్దనయ్య సంతకం పెట్టిన కాగితాన్ని కాదనొచ్చు. జనార్దనయ్య ఇచ్చిన చేతిని జనార్దనయ్యే కాదనడు. ఆ సంగతి కోటేశ్వర్‌కి చిన్ననాటినుంచి తెలుసు.

"విన్నారు గదా మేడమ్," అన్నాడు కోటేశ్వర్ మెల్లిగా. "నేను బలవంతం చేసినానా? పెద్దాయన మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు. ఆయనే చెబుతా ఉండాడు."

రేణుకాదేవి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నాకు ఇది నచ్చలేదు కోటేశ్వర్ గారూ. కానీ ఈయనే తెలిసి ఒప్పుకున్నానంటే నేను ఇంకోలా రాయలేను." జనార్దనయ్యవైపు ఒంగింది. "ఇంకోసారి ఆలోచించుకోండి పెద్దాయనా. నేను లేచిపోతే మళ్ళీ ఈ ఫిర్యాదు తెరవడం కష్టం."

"ఆలోచించేదేముందమ్మా. చెయ్యిచ్చినా. కట్టేస్తా."

ఆమె లేవబోయింది. సుజన ఏం చేస్తున్నదో తనకే తెలియకుండా ఆమె దారికి అడ్డంగా నిలబడింది.

"కాసేపుండండి మేడమ్. మా నాయనను నేనొక మాట అడగాల."

"ఏందే అడిగేది?" అన్నాడు జనార్దనయ్య. గొంతు మొదటిసారి పైకి లేచింది. "తప్పు చెప్పమంటావా? నా మాట నేనే మింగాలంటావా? రేపు అనంతసాగరం మళ్ళలో నన్నెవురు నిలబడనిస్తారే? నీ తమ్ముణ్ణి ఎవురు నిలబడనిస్తారు?"

"తప్పు చెప్పమనట్లా నాయనా. ఒక్కటి చెప్పు. సంతలో నువ్వు చెయ్యి ఎప్పుడిస్తావు?"

"ఎప్పుడేంది? బేరం కుదిరితే ఇస్తా."

"అంతకుముందు ఏం చేస్తావు?"

"జీవాన్ని చూస్తా."

"ఎట్టా చూస్తావు?"

ఇదేం పిచ్చి ప్రశ్న అన్నట్టు చూశాడు జనార్దనయ్య. "ఎట్టా చూస్తారు, నోరు తెరిచి పళ్ళు చూస్తా. వీపు తడిమి చూస్తా. నాలుగడుగులు నడిపించి చూస్తా."

"చూడకుండా ఇస్తావా?"

"చూడకుండా ఎవుడిస్తాడు?"

"మరి ఈ రాడ్డేందో చూసి ఇచ్చినావా?"

జనార్దనయ్య చూపు భార్య తొడ మీది కట్టువైపు పోయింది.

సుజన అతని ముందు నేల మీద కూలబడింది. మాటలు ఒకదాని మీద ఒకటి తోసుకుని వస్తున్నాయి. "కలిగిరి సంతకు నన్ను తీసకపోయినావే, మరిచిపోయినావా? ఆ వ్యాపారి లారీలో లోపలుండాది పొట్టేలు, మంచిదే, చీకట్లో ఏం కనపడతాది, నన్ను నమ్ము అన్నాడు. గుడ్డ కప్పి చెయ్యి చాపినాడు. నువ్వేం చేసినావు? గుడ్డ విదిలించి భుజాన ఏసుకుని వచ్చేసినావు. దారంతా నాకు చెప్పినావు, చూపించనోడు చాపే చెయ్యి బేరం చెయ్యి కాదు, అది దొంగచెయ్యి అని. చెప్పినావా లేదా?"

"అది గొర్రెల సంగతి," అన్నాడు జనార్దనయ్య, కానీ గొంతులో పట్టు సడలింది.

"అమ్మ గొర్రె పాటి కూడా చెయ్యదా నాయనా? ఆ రాడ్డు నువ్వు చూసినావా? మామూలుది ఒకటి, మంచిది ఒకటి పక్కపక్కన పెట్టి చూపించినాడా? తలుపేసినాక వచ్చి చెయ్యి చాపినాడు. అప్పటికి అమ్మ వాళ్ళ చేతిలో ఉండాది. వద్దని లేచి వచ్చేదానికి నీకు దారుండాదా? సంతలో అయితే లేచి వస్తావు. ఇక్కడ అమ్మను బల్ల మీద పడేసి ఎట్టా వస్తావు?"

"చూడమ్మా," అని కోటేశ్వర్ కల్పించుకున్నాడు, "ఆపరేషన్ థియేటర్‌లోకి ఎవర్నైనా రానిస్తారా? ఎట్టా చూపిస్తాం?"

అంతవరకూ కళ్ళు మూసుకుని పడుకున్న ఆదిశేషమ్మ అప్పుడు కళ్ళు తెరిచింది. "ఆయనకు చూపించకపోతే మానె. తొడ నాది గదా నాయనా, నన్నైనా అడిగినారా? మత్తు సూది పొడవకముందు నేను బాగానే మాట్లాడతా ఉండాను గదా." ఒక మోచేతి మీద కొంచెం లేవబోయి, నొప్పికి పళ్ళు బిగించి, మళ్ళీ తలగడ మీద వాలింది. మొగుడివైపు తల తిప్పింది. "ఏందయ్యా, నడిపించి చూసి గదా ధర కడతారు. నేనింకా నడవనే లేదు. ఏం చూసి కడతా ఉండావు నువ్వు?"

రేణుకాదేవికి నవ్వు వచ్చింది, ఆపుకుంది. జనార్దనయ్యకు నవ్వు రాలేదు. పెళ్ళాం మొహంవైపు చూశాడు. ఆ తర్వాత గోడ పట్టుకుని, మోకాళ్ళు పటపటమంటుంటే లేచి నిలబడ్డాడు. భుజం మీద గుడ్డ తీసి భార్య మంచం మీద పెట్టి, వట్టి చేతులతో కోటేశ్వర్ ముందుకు నడిచాడు.

"అబ్బాయా, సరుకు చూపించు."

"ఏం సరుకు పెద్దాయనా?"

"దీనికి ఏసినావే, అదే రకంది ఇంకోటి. మామూలుది ఒకటి. రెండూ తెచ్చి ఈడ పెట్టు. నాకు తెలీకపోతే ఈ అమ్మగారు చూస్తాది. తేడా ఉంటే నా మంద అమ్మైనా కడతా. చెయ్యి చెయ్యే."

"తెప్పించండి, నేనూ చూస్తాను," అంది రేణుకాదేవి. గడియారం సంగతి మరిచిపోయి స్టూలు మీద సర్దుకుని కూర్చుంది.

కోటేశ్వర్ నీళ్ళు నమిలాడు. స్టోరు తాళం ఇంకొకరి దగ్గర ఉందన్నాడు. ఆ సరుకు ఒక్కటే వచ్చింది, మళ్ళీ తెప్పించాలన్నాడు. ఎవరికో ఫోను చేశాడు, అవతలివాళ్ళు ఎత్తారో లేదో గానీ పెట్టేశాడు. జేబులోంచి ఒక పెన్ను తీసి, మళ్ళీ అదే జేబులో పెట్టుకున్నాడు. అతను అలా గింజుకుంటున్నంతసేపూ జనార్దనయ్య కదలకుండా నిలబడి ఉన్నాడు. ముప్పై నలభై ఏళ్ళు సంతల్లో మొహాలు చూసి బేరం తేల్చినవాడికి ఆ మొహం చూశాక రాడ్డుతో పని లేకపోయింది.

కుడిచెయ్యి చాపాడు. గుడ్డ కప్పలేదు. అందరూ చూస్తుండగా, అరచెయ్యి పైకి పెట్టి చాపాడు.

"ఆ రోజు నీకిచ్చిన చెయ్యి ఇది. మీ నాయన మొహం చూసి ఇచ్చినా. చూపించని బేరం బేరం కాదు. నా చెయ్యి నేను తీసుకుంటా ఉండా."

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సుజన పరుగున వెళ్ళి అతని పక్కన నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక ఇలా చేయడం ఇదే మొదటిసారని ఆమెకు తెలుసు. నాయన చేత ఎంత పని చేయించాను అని దుఃఖం పొంగుకొచ్చింది. ఆ దుఃఖంలోనే గర్వం కూడా ఉంది.

రేణుకాదేవి జనార్దనయ్య చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. ధర ముందే చెప్పలేదు కదా అని అడిగితే, "చెప్పినాడమ్మా, అబద్ధమాడకూడదు. తలుపేసినాక చెప్పినాడు," అన్నాడు. ఆ ముక్క కూడా రాసుకుంది. విచారణ తేలేదాకా వీళ్ళ దగ్గర పైసా తీసుకోవద్దని, డబ్బు పేరు చెప్పి పేషెంటును ఆపితే ఊరుకోనని, ఈ రోజే ఇంటికి పంపాలని కోటేశ్వర్‌కి చెప్పింది. ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగానే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక కోటేశ్వర్ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. "పెద్దాయనా," అన్నాడు, ఈసారి గొంతులో బెల్లం లేదు. "మా నాయన బతికుంటే ఆ గుడ్డ నా మెడకు చుట్టుండేవాడు." జవాబు కోసం చూడకుండా వెళ్ళిపోయాడు. అతని మీద జాలి పడాలో వద్దో సుజన తేల్చుకోలేకపోయింది. తేల్చుకోవాలన్న తొందర కూడా ఆమెకు లేదు, అప్పుడు ఆమె మనసంతా దూదిపింజలా తేలిపోతోంది.

"ఆటో మాట్లాడుకుని వస్తానమ్మా," అంది సంచులు సర్దుతూ. "వెనక సీటులో నిన్ను పడుకోబెట్టి, మెల్లిగా తోలమంటా. ఉదయగిరిలో నా గదికాడ ఒక రాత్రి ఆగి, రేపు ఇంటికి పోదాం."

"ఇంటికి తర్వాత. ముందు అనంతసాగరం పోనీయమను," అంది ఆదిశేషమ్మ. ఎన్నాళ్ళకో ఆ మొహంలో నవ్వు. "నన్ను కుమ్మిన పొట్టేలును నేను చూడాల. దానికి రెండు తగిలించాల. చూలు గొర్రెలు ఎన్ని ఈనినాయో, పిల్లలు ఎట్టుండాయో, ఈ మనిషిని అడిగితే బాగుండాయి బాగుండాయి అంటాడే గానీ ఇంకో ముక్క చెప్పడు."

జనార్దనయ్య మంచం మీద పెట్టిన గుడ్డ తీసుకుని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. సంతోషంతోనేమో అనుకుంది సుజన మొదట.

"నాయనా?"

"మంద లేదమ్మా," అన్నాడు గుడ్డ వెనకనుంచి.

సుజన చేతిలో సంచి అలాగే ఆగిపోయింది.

"మొన్న పోయింది చూసేదానికి కాదు. వ్యాపారి వచ్చినాడు. మీ తమ్ముణ్ణి ఊళ్ళోకి పంపించి, వాడికి కూడా చెప్పకుండా మొత్తం మందకు మాట్లాడేసినా. ఇక్కడ బాకీ తీర్చాల గదా అని. ఇయ్యాళ తోలకపోతానన్నాడు."

"మాట్లాడినావంతే గదా?" సుజన సంచి వదిలేసి ఫోను తీసింది. "ఇప్పుడు బాకీ లేదు. వద్దని చెప్పు. ఇప్పుడే ఫోను చేసి చెప్పు. ఈ చెయ్యి తీసుకున్నట్టే ఆ చెయ్యీ తీసేసుకో!"

జనార్దనయ్య గుడ్డ దించాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కానీ ఆ చూపు కదలడం లేదు. కూతురు దేనితోనైనా వాదించగలదు, ఆ చూపుతో వాదించలేదు.

"ఎట్టా తీసుకునేదమ్మా? ఆ బేరంలో అంతా చూపించినా. ఒక్కో జీవానికి నోరు తెరిచి పళ్ళు చూపించినా. వీపులు తడమనిచ్చినా. నడిపించి చూపించినా. చూపించకుండా చేసింది బేరం కాదని ఇప్పుడే గదా నువ్వు అందరి ముందరా చెప్పినావు. మరి చూపించి చేసిందాన్ని ఏమనాలో కూడా నువ్వే చెప్పు."

మంచంలో ఆదిశేషమ్మ నవ్వు నవ్వులాగే ఉండిపోయింది, ఆమెకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. కింద బస్టాండులో ఏదో బస్సు హారన్ ఆపకుండా కొడుతోంది. అంతలో సుజన చేతిలో ఫోను మోగింది. తెర మీద తమ్ముడి పేరు.

"అక్కా," అన్నాడు పెంచలప్రసాద్, రొప్పుతున్నాడు. "ఈడికి లారీ వచ్చింది. ఎవురో మనుషులు దిగి గొర్రెలు పడతా ఉండారు. నాయనతో బేరమైపోయింది అంటా ఉండారు. నేను అడ్డం నిలబడుండా. నిజమేనా అక్కా? ఎక్కించనిచ్చేదా, కర్ర తీసేదా? తొందరగా చెప్పు."

అతని మాట వెనక లారీ తలుపు దించిన చప్పుడు, దాని వెనక మంద మొత్తం ఒక్కసారిగా అరిచిన అరుపు వినిపించాయి. జనార్దనయ్య దగ్గరికి వచ్చి, ఫోను ఇవ్వమని కూతురి ముందు చెయ్యి చాపాడు.